525 రెట్లు అని రాసి ఉన్న టెలిస్కోపులో శని ఎందుకు కనబడదు?

వేగుచుక్క
పోయిన వారం టెలిస్కోప్ కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "525 రెట్లు" అని ఉంది. ముందు కటకం వ్యాసం 70 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 మి.మీ. దాంతో పాటు మూడు ఐపీసులు (కన్ను ఆనించి చూసే చిన్న కటకాలు) ఇచ్చారు: 25, 10, 4 మి.మీ. ఐపీసు ఇచ్చే రెట్లను మూడింతలు చేసే 3 రెట్ల బార్లో లెన్స్ కూడా ఒకటి ఉంది. మా పాప శని వలయాలు చూడాలని ఎంతో ఆశగా ఉంది. నాలుగు రాత్రులుగా 4 మి.మీ. ఐపీసుకు బార్లో తగిలించి వెతుకుతున్నాను. అంతా చీకటే. ఒక్కసారి మాత్రం పసుపు మచ్చ ఒకటి, నీళ్లలో దీపం నీడలా వణుకుతూ వచ్చి, పది పన్నెండు సెకన్లలో పక్కకు జారిపోయింది. ఫోకస్ సరిచేసేలోపు మాయం. పాడైన పీస్ అంటగట్టారా, లేక నేను వాడే తీరులోనే తప్పుందా? వెనక్కి ఇవ్వడానికి మూడు రోజులే గడువు, అదో టెన్షన్.

రాత్రిపక్షి
బార్లో తీసి పెట్టెలో పెట్టేయండి. 4 మి.మీ. కూడా. 25 పెట్టి చూసి చెప్పండి.

సప్తర్షి8
పీస్ పాడైందనిపించడం లేదన్నా. మచ్చ కనబడి జారిపోయిందంటే టెలిస్కోప్ పనిచేస్తున్నట్టే. అది శనే అయ్యుంటుంది.

వేగుచుక్క
అన్నను కాదు, అక్కను 🙂 రాత్రిపక్షి గారూ, 25 పెడితే తక్కువ రెట్లు కదా? 525 ఇస్తుందనే కొన్నాను. 28 రెట్లలో వలయాలు ఏం కనబడతాయి?

లెక్కలమాస్టారు
ముందు ఆ 525 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. పాఠ్యపుస్తకంలో దీన్నే ఆవర్ధనం అంటారు.

700 ÷ 25 = 28 రెట్లు
700 ÷ 10 = 70 రెట్లు
700 ÷ 4 = 175 రెట్లు
175 × 3 (బార్లో) = 525 రెట్లు

లెక్క ప్రకారం పెట్టె మీద అబద్ధం లేదమ్మా. బాధ ఏంటంటే, ఈ భాగహారంలో కటకం వ్యాసం ఎక్కడా రాలేదు చూడండి. 70 మి.మీ. బదులు 30 మి.మీ. కటకం పెట్టినా ఇదే 525 వస్తుంది. అంటే ఐపీసులు మారుస్తూ ఈ సంఖ్యను ఎంతకైనా పెంచుకుంటూ పోవచ్చు. బొమ్మ మాత్రం లోపలికి వచ్చిన వెలుగును మించి బాగుపడదు. టెలిస్కోప్ కొనేవాళ్లు మొదట చూడాల్సింది 70 అన్న అంకె, 525 కాదు. ఆ 70ని పెట్టె మూల చిన్న అక్షరాల్లో వేసి, 525ని ముందు భాగంలో అచ్చేసే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ పాపలాంటి పిల్లలు ఎంతమంది మొదటి రాత్రే నిరాశపడి వదిలేస్తున్నారో.

కటకం57
మాస్టారు చెప్పినదానికి వెలుగు వైపు నుంచి కొంచెం.

ఐపీసులోంచి బయటికి వచ్చే కాంతి కట్టకు ఒక మందం ఉంటుంది. ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే చాలు. 28 రెట్ల దగ్గర 70 ÷ 28 = 2.5 మి.మీ. హాయిగా చూడొచ్చు. 525 దగ్గర 70 ÷ 525 = 0.13 మి.మీ. దాదాపు వెంట్రుక మందం. అంత సన్నని కట్ట కంట్లోకి పోతే మన కంటి లోపల తేలే నలుసులు, దారాల్లాంటివి కూడా బొమ్మ మీద నీడలుగా కనబడతాయి. మామూలుగా అర మిల్లీమీటరు కంటే తగ్గకుండా చూసుకుంటాం.

వెలుతురు సంగతి ఇంకా ఘోరం. 28 నుంచి 525కు వెళ్తే బొమ్మ అడ్డంగా దాదాపు 19 రెట్లు, నిలువుగా 19 రెట్లు పెద్దదవుతుంది. ఉన్న వెలుగే సుమారు 350 రెట్లు ఎక్కువ చోట పరుచుకోవాలి. శని అంత మసకగా కనబడటానికి అదొక కారణం.

మబ్బుచాటు
ఫోన్‌లో తీసిన ఫోటోను వేళ్లతో లాగి పెద్దది చేస్తాం కదా, కొంతవరకు వివరాలు తెలుస్తాయి, ఆ తర్వాత ఎంత లాగినా మసకే పెద్దదవుతుంది. అదే ఇది.

వేగుచుక్క
ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. అయితే నా దానికి ఎంతవరకు లాగొచ్చు?

కటకం57
కటకం మిల్లీమీటరుకు 2 రెట్లు. మీకు 140. ఊరికే పెట్టిన నియమం కాదిది. 70 మి.మీ. కటకం విడదీసి చూపగల అతి చిన్న దూరం సుమారు 1.66 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను; 116ను వ్యాసంతో భాగిస్తే వస్తుంది, డాస్ పరిమితి అంటారు). దాన్ని 140 రెట్లు పెంచితే కంటికి దాదాపు 4 ఆర్క్ నిమిషాలుగా కనబడుతుంది. మంచి చూపున్న కన్ను 1 ఆర్క్ నిమిషం తేడాను కూడా పట్టుకుంటుంది. అంటే కటకం ఇవ్వగలిగిన వివరం 140 వచ్చేసరికే మొత్తం కంటి ముందుకు వచ్చేసినట్టు. ఆ పైన లాగితే కొత్తగా వచ్చేదేమీ లేదు.

నిద్రలేని_నక్షత్రం
140 అని గీత గీసి కూర్చోవద్దు. జంట నక్షత్రాలు చూసేటప్పుడు నా 80 మి.మీ.లో 200 దాకా వెళ్తాను. రెండు చుక్కల మధ్య నల్లటి సందు చూడటం తేలికవుతుంది. కొత్త వివరం రాకపోవచ్చు, ఉన్నది పెద్దగా కనబడితే కంటికి శ్రమ తగ్గుతుంది.

కటకం57
80కి 200 అంటే మిల్లీమీటరుకు 2.5 రెట్లు. చుక్కలు ప్రకాశవంతమైనవైతే సరే, ఒప్పుకుంటాను. గ్రహాల మీద మాత్రం నేను అంత దూరం పోను. చాలా రాత్రులు మన నెత్తి మీది గాలే 140 దాకా కూడా పోనివ్వదు. పెద్ద పెద్ద టెలిస్కోపులు ఉన్నవాళ్లు కూడా ఎక్కువ రాత్రులు 200–250 దగ్గర ఆగిపోయేది గాలి కదలిక వల్లే.

రాత్రిపక్షి
గాలి గురించి ఎత్తారు కాబట్టి: అక్కా, కిటికీ అద్దంలోంచి చూస్తున్నారా? ఆ వణుకు వర్ణన వింటే అనుమానం వచ్చింది.

వేగుచుక్క
అవును 😟 గది లోపల పెట్టి కిటికీలోంచే చూశాను. బయట దోమలని.

రాత్రిపక్షి
అదీ సంగతి. కిటికీ అద్దం టెలిస్కోప్ కోసం చేసింది కాదు, బొమ్మను చెడగొడుతుంది. కిటికీ తెరిచి చూసినా గదిలోని వేడి గాలి, బయటి చల్ల గాలి అక్కడే కలుస్తూ బొమ్మను ఆడిస్తాయి. చూడటానికి అరగంట ముందే టెలిస్కోప్‌ను బయట పెట్టి చల్లారనివ్వండి. పగలంతా ఎండకు కాగిన పైకప్పుల మీదుగా కాకుండా శని ఆకాశంలో పైకి ఎక్కాక చూడండి.

గొల్లకావడి
అందరూ రెట్ల గురించే మాట్లాడుతున్నారు. అక్క పడ్డ అసలు ఇబ్బంది వేరు: నాలుగు రాత్రులు వెతికినా శని దొరకలేదు. అది ఫీల్డ్ ఆఫ్ వ్యూ సమస్య.

రెట్లు పెంచిన కొద్దీ ఆకాశంలో మనకు కనబడే ముక్క చిన్నదవుతుంది. పెద్ద మైదానంలో పడిపోయిన గుండుసూదిని సన్నని గొట్టంలోంచి చూస్తూ వెతికినట్టు ఉంటుంది 525 దగ్గర. ముందు వెడల్పుగా చూసి, వస్తువును సరిగ్గా మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే ఐపీస్ మార్చాలి. 25, తర్వాత 10. అంతే.

ఇంకో మాట, ఫైండర్‌ను (టెలిస్కోప్ మీద బిగించి ఉండే చిన్న గురి గొట్టాన్ని) పగలే సరిచేసుకోండి. దూరంగా ఉన్న స్తంభం కొననో టవర్ కొననో 25 మి.మీ.లో మధ్యకు తెచ్చి, ఫైండర్ మరలు తిప్పి అందులో కూడా అదే కొన మధ్యలో ఉండేట్టు చేయండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి. ఒక్క క్షణం చాలు కంటిచూపు పోవడానికి. పాప దగ్గర ఉంటే మరీ జాగ్రత్త.

వేగుచుక్క
ఫైండర్ గురించి అసలు పట్టించుకోలేదు, అలంకారం కోసం పెట్టారనుకున్నా. ఒక సందేహం. కొత్త ఐపీసుల వివరాలు చూస్తుంటే వాటి మీద "50 డిగ్రీలు", "68 డిగ్రీలు" అని ఉంది. అంటే ఆకాశంలో 50 డిగ్రీలు కనబడుతుందా? దిగంతం నుంచి నడినెత్తి దాకా 90 డిగ్రీలే కదా, సగానికి పైగా కనబడాలి మరి?

గొల్లకావడి
మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే తికమకపడతారు. రెండు ఫీల్డులు ఉన్నాయి.

ఐపీస్ మీద రాసేది కంటికి తోచే ఫీల్డ్. కన్ను ఆనించినప్పుడు ఆ వెలుగు వలయం మీ కంటికి ఎంత వెడల్పుగా అనిపిస్తుందో అది. 50 డిగ్రీలైతే చిన్న గుండ్రటి కిటికీలోంచి చూసినట్టు, 82 డిగ్రీలైతే అంచులు చూడటానికి కన్ను అటూ ఇటూ తిప్పాల్సినంత.

ఆ వలయంలో నిజంగా ఎంత ఆకాశం పట్టిందన్నది అసలు ఫీల్డ్. మొదటిదాన్ని రెట్లతో భాగించాలి. మీ 25 మి.మీ.కి 50 డిగ్రీలు అనుకుంటే 50 ÷ 28 = దాదాపు 1.8 డిగ్రీలు. పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే మూడు చందమామలను పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. 10 మి.మీ.లో 0.7 డిగ్రీ, ఒక్క చంద్రుడు చుట్టూ కాస్త ఖాళీతో పడతాడు. 140 రెట్లకు వెళ్తే 0.36, ఇక చంద్రుడు పూర్తిగా పట్టడు, గుంటల మీద నడుస్తున్నట్టు ముక్కలు ముక్కలుగా చూడాలి (అదీ అద్భుతంగానే ఉంటుంది).

మబ్బుచాటు
బైనాక్యులర్ ఉన్నవాళ్లకు: దాని మీద "1000 మీటర్ల దగ్గర 114 మీటర్లు" లాంటిది రాసి ఉంటుంది. అది అసలు ఫీల్డే. 1000 మీటర్ల దూరంలో 1 డిగ్రీ అంటే 17.5 మీటర్లు. 114ని దాంతో భాగిస్తే 6.5 డిగ్రీలు. నా 10×50 అదే. కృత్తికలు దాంట్లో చూసినంత అందంగా నా టెలిస్కోపులో ఎప్పుడూ కనబడలేదు.

సప్తర్షి8
కృత్తికల మాట అక్షరాలా నిజం. నాది 203 మి.మీ. ష్మిట్-కాసెగ్రెయిన్ (అద్దాన్ని వాడే ఒక రకం టెలిస్కోప్), ఫోకల్ లెంగ్త్ 2032. ఎంతో ఉత్సాహంగా మొదటిసారి కృత్తికల మీదకు తిప్పాను. 25 మి.మీ. ఐపీసే నాకు 81 రెట్లు ఇస్తుంది, ఫీల్డ్ 0.6 డిగ్రీ. కృత్తికలు దాదాపు 2 డిగ్రీల మేర పరుచుకుని ఉంటాయి. రెండు మూడు చుక్కలు కనబడ్డాయి అంతే, గుంపు ఏదని చాలాసేపు వెతుక్కున్నాను. టెలిస్కోప్ పెద్దదయ్యే కొద్దీ ఫీల్డ్ చిన్నదవుతుందని ఆ రోజు తెలిసింది.

కటకం57
ఆఖరి వాక్యం సరికాదు తమ్ముడూ. ఫీల్డ్‌ను తగ్గించింది నీ 203 కాదు, 2032. అదే 203 మి.మీ. అద్దం 1200 ఫోకల్ లెంగ్త్‌తో డాబ్సోనియన్ అనే ఇంకో రకం టెలిస్కోప్‌గా వస్తుంది. 2 అంగుళాల గొట్టం ఉన్న ఐపీస్ పెడితే దాంట్లో 2 డిగ్రీలు దాటుతుంది, కృత్తికలు పడతాయి. నీ దాంట్లో అదే ఐపీస్ పెట్టినా 1.3 దగ్గర ఆగిపోతుంది.

సప్తర్షి8
ఒప్పుకున్నా. ఎఫ్/10కి, ఎఫ్/6కి (ఫోకల్ లెంగ్త్‌ను వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) తేడా అన్నమాట.

కటకం57
ఒకే వ్యాసం ఉన్నప్పుడు అలా చెప్పొచ్చు. నిజానికి చూడాల్సింది ఫోకల్ లెంగ్త్‌నే.

లెక్కలమాస్టారు
ఈ 1.3, 2 ఎలా వచ్చాయో కొత్తవాళ్లకు చెప్పాలి. ఐపీస్ గొట్టం లోపల ఒక రింగు ఉంటుంది, ఫీల్డ్ స్టాప్ అంటారు. మనకు కనబడే వలయం అంచు అదే. దాని వ్యాసాన్ని టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి 57.3తో గుణిస్తే అసలు ఫీల్డ్ డిగ్రీల్లో వస్తుంది. గొల్లకావడి చెప్పిన భాగహారం కంటే ఇది కచ్చితం, ఎందుకంటే ఐపీసులు అంచుల దగ్గర బొమ్మను కాస్త సాగదీస్తాయి.

1.25 అంగుళాల గొట్టంలో ఈ రింగు సుమారు 27 మి.మీ. మించి పట్టదు. 2 అంగుళాల దాంట్లో సుమారు 46. వేగుచుక్కగారి 700 మి.మీ. టెలిస్కోప్‌కు 27 × 57.3 ÷ 700 = 2.2 డిగ్రీలు. 1.25 అంగుళాల్లో ఏ ఐపీస్ కొన్నా అంతకు మించి ఆకాశం దొరకదు. అందుకే 32 మి.మీ. ప్లోసెల్ (ఐపీసుల్లో ఒక రకం), 40 మి.మీ. ప్లోసెల్ రెండూ దాదాపు ఒకే ముక్క ఆకాశం చూపిస్తాయి. 40 కొంటే ఎక్కువ కనబడుతుందనుకుని కొని బాధపడినవాళ్లు నాకు తెలుసు. 32లో 50 డిగ్రీలు ఉంటే 40లో 43కి తగ్గిపోతుంది, గొట్టం అడ్డం.

వేగుచుక్క
నా ఐపీసుల మీద డిగ్రీలేమీ రాసి లేవు. లోపలి రింగు ఎలా కొలవాలో తెలియదు. విప్పాలా?

గొల్లకావడి
వద్దొద్దు, విప్పకండి. గడియారం చాలు.

భూమి తిరగడం వల్ల నక్షత్రాలు ఫీల్డులో అడ్డంగా కదులుతాయి. ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దగ్గరున్న నక్షత్రం 4 నిమిషాల్లో 1 డిగ్రీ జరుగుతుంది. గొల్లకావడి (ఓరియన్ నడుము) మూడు చుక్కల్లో ముందుగా ఉదయించే చుక్క, మింటాకా, దాదాపు ఆ రేఖ మీదే ఉంది (నా పేరుకు కారణం ఆ మూడు చుక్కలే). దాన్ని ఫీల్డ్ అంచు బయట ఉంచి, టెలిస్కోప్‌ను కదపకుండా వదిలేయండి. లోపలికి రాగానే సమయం మొదలు, అవతలి అంచున మాయమవగానే ఆపు. సరిగ్గా మధ్యలోంచి పోవాలి, పక్కగా పోతే తక్కువ వస్తుంది. వచ్చిన నిమిషాలను 4తో భాగిస్తే అసలు ఫీల్డ్. దాన్ని రెట్లతో గుణిస్తే ఐపీస్ డిగ్రీలు.

నిద్రలేని_నక్షత్రం
సప్తర్షి మండలం చుక్కలతో చేయకండి, అవి మధ్యరేఖకు దూరం, నెమ్మదిగా నడుస్తాయి. లెక్కలో కోసైన్ కలపాల్సి వస్తుంది.

సప్తర్షి8
నా చుక్కలను అలా తీసిపారేయకండి 🙂 వసిష్ఠుడు, అరుంధతి ఉన్నారు కదా. ఇద్దరి మధ్య దూరం 12 ఆర్క్ నిమిషాలు, అంటే డిగ్రీలో ఐదో వంతు. ఫీల్డులో ఆ జంట ఎంత చోటు తీసుకుందో చూస్తే కంటి అంచనాకు చక్కగా పనికొస్తుంది. పైగా 70 రెట్లలో చూస్తే వసిష్ఠుడే మళ్లీ రెండుగా విడిపోతాడు, 14 ఆర్క్ సెకన్ల ఎడంతో. పాపకు తప్పకుండా చూపించండి అక్కా.

వేగుచుక్క
నిన్న తెల్లవారుజామున లేచి కొలిచాను! ఒక్కోటి మూడేసి సార్లు చేసి సగటు తీశాను.

25 మి.మీ.: 6 నిమిషాల 48 సెకన్లు
10 మి.మీ.: 2 నిమిషాల 20 సెకన్లు
4 మి.మీ.: 40 సెకన్లు

లెక్క మీరు చూసిపెట్టండి మాస్టారూ. నేను చేస్తే 4 మి.మీ.కి 29 డిగ్రీలు వస్తోంది, ఎక్కడో తప్పు చేసి ఉంటాను.

లెక్కలమాస్టారు
తప్పేమీ లేదమ్మా, శభాష్.

25: 6.8 నిమిషాలు ÷ 4 = 1.7 డిగ్రీలు, 28తో గుణిస్తే దాదాపు 48.
10: 2.33 ÷ 4 = 0.58, 70తో గుణిస్తే 41.
4: 0.67 ÷ 4 = 0.167, 175తో గుణిస్తే 29.

పెట్టెతో పాటు ఇచ్చే 4 మి.మీ. ఐపీసులు చాలావరకు ఇలాగే ఇరుకుగా ఉంటాయి. ఇంకొకటి గమనించారా? మీ మొదటి పోస్టులో ఆ పసుపు మచ్చ "పది పన్నెండు సెకన్లలో" జారిపోయిందన్నారు. 4 మి.మీ.లో 40 సెకన్లు. 3 రెట్ల బార్లో పెడితే మూడో వంతు, 13 సెకన్లు. గడియారం లేకుండానే ఆ రాత్రి మీరు సరిగ్గా కొలిచారు.

మబ్బుచాటు
ఇది చదివి ఒళ్లు పులకరించింది. భూమి తిరగడాన్ని కంటితో చూశారు మీరు.

అద్దాలరాణి
చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు, ఈ విషయంలో మాత్రం చెప్పాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు రెట్లు, ఫీల్డే కాదు, కన్ను ఎంత దూరంలో పెట్టొచ్చో కూడా చూడండి. ఐ రిలీఫ్ అంటారు. ప్లోసెల్ రకంలో అది ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌లో ముప్పావు వంతు దాకా ఉంటుంది. 6 మి.మీ. అయితే నాలుగైదు మిల్లీమీటర్లే, కనురెప్ప వెంట్రుకలు తగులుతాయి. కళ్లజోడుతో చూడాలంటే 15 నుంచి 20 మి.మీ. కావాలి. లేకపోతే ఐపీస్ మీద 68 డిగ్రీలని రాసి ఉన్నా మనకు మధ్య ముక్కే కనబడుతుంది. దగ్గరి చూపు, దూరపు చూపు సమస్యలకైతే జోడు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే చాలు. నాకు ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిక్కుల్లో సమానంగా లేకపోవడం) ఉంది, అది ఫోకస్‌తో సర్దుకోదు, తక్కువ రెట్లలో చుక్కలు గీతల్లా సాగుతాయి. ఎక్కువ రెట్లలో కాంతి కట్ట సన్నబడుతుంది కాబట్టి ఆ తేడా తగ్గిపోతుంది.

కటకం57
ఎవరూ చెప్పని సంగతి చెప్పారు. ఇక రాస్తూ ఉండండి.

సప్తర్షి8
ఇంకో వివాదం తేల్చండి. గెలాక్సీలు, నెబ్యులాలకు ఎప్పుడూ తక్కువ రెట్లే వాడాలంటారు. అవి మసకగా ఉంటాయి కాబట్టి. నిజమేనా?

రాత్రిపక్షి
నిజం. ఆండ్రోమెడా గెలాక్సీ 3 డిగ్రీల పొడవు. రెట్లు పెంచితే మధ్యలోని తెల్లటి ముద్ద తప్ప ఏమీ మిగలదు.

నిద్రలేని_నక్షత్రం
ఆండ్రోమెడాకు సరే. అన్నింటికీ అదే సూత్రం అంటే నేను ఒప్పుకోను. రెట్లు పెంచితే గెలాక్సీ మసకబారుతుంది, దాని వెనకాల ఆకాశం కూడా అంతే మసకబారుతుంది. రెండింటి మధ్య తేడా నిష్పత్తి మారదు. పైగా వస్తువు పెద్దదైతే చీకట్లో కన్ను దాన్ని తేలిగ్గా గుర్తిస్తుంది. చిన్న చిన్న గెలాక్సీలు నా 203 డాబ్సోనియన్‌లో 50 రెట్లకు కనబడక 100 రెట్లకు బయటపడినవి ఎన్నో. ఎగ్జిట్ ప్యూపిల్ 2 మి.మీ. దగ్గర నాకు బాగా కుదురుతుంది. హెర్క్యులస్‌లోని ఎం13 చూడండి, 50 రెట్లకు దూది ఉండ, 150కి అంచుల్లో చుక్కలు విడివిడిగా మెరుస్తాయి.

రాత్రిపక్షి
ఎం13 నక్షత్రాల గుంపు కాబట్టి చుక్కలు విడిపోతాయి. మసక మేఘాలకు అది వర్తించదు.

నిద్రలేని_నక్షత్రం
లైరాలోని రింగ్ నెబ్యులా మేఘమే కదా? ఒకటిన్నర ఆర్క్ నిమిషం కూడా లేదు. 28 రెట్లలో అది చుక్కలా ఉంటుంది, 100 దాటితేనే ఉంగరం. చీకటి బాగున్న రాత్రి ఒకసారి పోల్చి చూడండి, తర్వాత వాదిద్దాం.

రాత్రిపక్షి
రింగ్ నెబ్యులా విషయంలో మీదే రైటు. వస్తువు ఎంత పెద్దదో చూసి ఐపీస్ ఎంచుకోవాలి, ఇక్కడ ఆగుదాం.

చిన్నిచుక్క
నేను పదో తరగతి. హబుల్ టెలిస్కోప్ ఎన్ని రెట్లు? మా ఫ్రెండ్ లక్ష రెట్లు అంటున్నాడు.

కటకం57
హబుల్‌కు ఐపీసే లేదు తల్లీ, అందుకని "ఎన్ని రెట్లు" అన్న ప్రశ్నకు జవాబు లేదు. కెమెరాతో తీసే టెలిస్కోపుకు అడగాల్సినవి వేరే: అద్దం ఎంత (2.4 మీటర్లు), ఎంత చిన్న వివరం విడదీస్తుంది, ఒక్క ఫోటోలో ఎంత ఆకాశం పడుతుంది. చివరిది వింటే ఆశ్చర్యపోతావు. హబుల్ ప్రధాన కెమెరా ఒక్క ఫోటోలో అటూ ఇటూ 2.7 ఆర్క్ నిమిషాలే. చంద్రుడి వెడల్పుకు పదకొండు ఫోటోలు పక్కపక్కన పేర్చాలి.

ఇప్పుడు చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ చూడు. అద్దం 8.4 మీటర్లు, ఒక్క ఫోటోలో 3.5 డిగ్రీలు, అంటే ఏడు చందమామల వెడల్పు. 2025లో మొదటి ఫోటోలు విడుదల చేశారు. దాని గొప్పతనం ఎన్ని రెట్లు అన్నదాంట్లో లేదు, అంత వెడల్పుగా, అంత లోతుగా దక్షిణాకాశమంతటినీ మళ్లీ మళ్లీ చూడగలగడంలో ఉంది.

చిన్నిచుక్క
ఫ్రెండ్‌కి ఇది చూపిస్తా 😀

లెక్కలమాస్టారు
పాత సంగతి కూడా చూపించు. 1610 జనవరిలో గెలీలియో గురుడి ఉపగ్రహాలు నాలుగింటిని చూసింది సుమారు 20 రెట్లతోనే. ఆయన ఫీల్డ్ చంద్రుడిలో సగమే, చంద్రుడంతా ఒకేసారి పట్టేది కాదు. శనిని కూడా చూశాడు, వలయాలని తెలియక పక్కన రెండు గోళాలున్నాయనుకున్నాడు. 1655లో హైగెన్స్ 50 రెట్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న టెలిస్కోప్‌తో టైటాన్‌ను కనిపెట్టాడు. గ్రహం చుట్టూ పలుచని వలయం ఉందని 1659లో వివరంగా ప్రకటించాడు. వేగుచుక్కగారి 10 మి.మీ. ఐపీస్ 70 రెట్లు ఇస్తుంది. హైగెన్స్‌కు ఇంత మంచి కటకం దొరికి ఉంటే ఎంత సంబరపడేవాడో.

వేగుచుక్క
రాసేలోపే మీరే పేరు ఎత్తారు. చూశాం!!

సాయంత్రమే బయట పెట్టి చల్లారనిచ్చాను. ఫైండర్ పగలే సరిచేసుకున్నాను. 25 మి.మీ.లో శని ఒక్క నిమిషంలో దొరికింది. చిన్నది, బియ్యపు గింజంత, గుండ్రంగా మాత్రం లేదు, అటూ ఇటూ కోసుగా ఉంది. మధ్యకు తెచ్చి 10 పెట్టాను. వలయం! పలుచగా, గీతలా, గ్రహానికి రెండు వైపులా. పక్కనే ఒక చుక్క కూడా ఉంది. పాప కన్ను ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, అది స్టిక్కర్ కాదు కదా?" అంది. ముందు కటకం దగ్గరికి వెళ్లి ఏమైనా అంటించి ఉందేమోనని చూసి వచ్చింది.

గొల్లకావడి
నా కళ్లు చెమర్చాయి అక్కా.

రాత్రిపక్షి
వలయం పలుచగా కనబడటం మీ టెలిస్కోప్ లోపం కాదు. 2025 మార్చిలో వలయాలు మనకు అంచు వైపుకు తిరిగాయి. ఇప్పుడు మెల్లగా విచ్చుకుంటున్నాయి, ఏటికేడు ఇంకా తెరుచుకుంటాయి. పక్కన చుక్క టైటాన్ అయ్యుండాలి. ఓ నాలుగు రాత్రులు వరసగా ఎక్కడుందో బొమ్మ వేసి పెట్టమనండి పాపను, జరిగితే టైటానే. 16 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది.

వేగుచుక్క
నోట్‌బుక్ ఇప్పుడే తీసింది. టెలిస్కోప్ వెనక్కి ఇవ్వడం లేదు. తర్వాత ఏ ఐపీస్ కొనాలి?

కటకం57
32 మి.మీ. ప్లోసెల్ ఒకటి, వెడల్పుకు. 22 రెట్లు, 2.2 డిగ్రీలు, కృత్తికలు మొత్తం పడతాయి. గ్రహాలకు 6 మి.మీ. చుట్టుపక్కల కాస్త వెడల్పైన రకం, 117 రెట్లు.

నిద్రలేని_నక్షత్రం
6 కంటే ముందు 2 రెట్ల బార్లో మంచిది. మీ 10తో కలిపితే 140, 25తో కలిపితే 56. ఒక్కదానితో రెండు కొత్త రెట్లు.

అద్దాలరాణి
బార్లో అయితే 10 మి.మీ. ఐ రిలీఫ్ కూడా తగ్గకుండా అలాగే ఉంటుంది. పాప కళ్లజోడు పెట్టుకుంటుందా?

వేగుచుక్క
లేదు, నేను పెట్టుకుంటాను. మబ్బు పట్టింది ఇప్పుడే, పాప మాత్రం ఇంకా బయటే కూర్చుంది.